వంకర పాదం, కడ్డీ బూట్లు, దూరం నుంచి వచ్చే వైద్యులు

పుట్టిన ప్రతి 1000 మంది శిశువుల్లో దాదాపు ఒకరికి పాదం లోపలికి తిరిగి ఉంటుంది. మడమ పైకి లేచి ఉంటుంది, అరికాలు పక్కకు చూస్తుంది, వేళ్లు ఎదుటి కాలి వైపు తిరుగుతాయి. వైద్యులు దీన్ని క్లబ్‌ఫుట్ అంటారు. మన ఊళ్లలో వంకర పాదం అంటాం. ఈ పిల్లల్లో సుమారు సగం మందికి రెండు పాదాలూ ఇలాగే ఉంటాయి. ఆడపిల్లలకన్నా మగపిల్లల్లో ఇది రెట్టింపు ఎక్కువ.

ఆసుపత్రి దగ్గరలో ఉన్న కుటుంబంలో పుడితే ఆ బిడ్డ నడక నేర్చే లోపే పాదం తిన్నగా అవుతుంది. ఏ కొండమీది గూడెంలోనో, కూలికి వలసపోయే ఇంట్లోనో పుడితే మాత్రం ఆ పాదంతోనే లేచి నిలబడతాడు. పాదం పక్కభాగం మీద, ఒక్కోసారి పాదం పైభాగం మీద నడుస్తాడు. అక్కడ చర్మం కాయ కాస్తుంది, పగులుతుంది, పుండు పడుతుంది. చెప్పులు పట్టవు. బడి రెండు మైళ్ల దూరం ఉంటే బడి మానేస్తాడు. ఆడపిల్ల అయితే పెళ్లి దగ్గర మళ్లీ ఇదే మాట వస్తుంది.

ఇలాంటి పిల్లల కోసం తమ సెలవులను, సొంత డబ్బును ఖర్చుపెట్టుకుని వెళ్లే ఎముకల వైద్యులు ఎంతోమంది ఉన్నారు. కొందరు వారం రోజులకు వెళ్తారు, కొందరు ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయారు. వారి సేవ గురించీ, వారు వెళ్లిపోయాక మిగిలే పని గురించీ ఈ వ్యాసంలో చెప్పుకుందాం. మిగిలే ఆ పనిలో ఎక్కువ భాగం తల్లిదండ్రులదే కాబట్టి దయచేసి చివరి వరకూ చదవండి.

తల్లి అడిగే మొదటి ప్రశ్న

వంకర పాదంతో బిడ్డను ఎత్తుకొచ్చిన తల్లి ఆపరేషన్ గురించి ముందుగా అడగదు. “నేనేం తప్పు చేశానమ్మా?” అని అడుగుతుంది. గ్రహణం రోజు కూరగాయలు తరిగావనో, కడుపుతో ఉండగా కాలు ముడుచుకుని పడుకున్నావనో అత్తగారింట్లో అప్పటికే తీర్పు చెప్పేసి ఉంటారు. ఎవరి పాపమో బిడ్డకు తగిలిందని చెప్పేవారు మన సంఘాల్లో కూడా లేకపోలేదు.

ఈ మాటల్లో ఒక్కటీ నిజం కాదు. చాలామంది పిల్లల్లో వంకర పాదానికి ఇదీ కారణమని ఒక్కటి చూపలేం. కొన్ని కుటుంబాల్లో ఒకరికి మించి ఉండడాన్ని బట్టి వంశపారంపర్యం కొంత ఉందని తెలుస్తుంది. కొద్దిమందిలో మాత్రం వెన్నెముక లోపం వంటి వేరే జబ్బుతో కలిసి వస్తుంది. అందుకే వైద్యులు పాదంతోపాటు బిడ్డ వీపునూ, తుంటి కీళ్లనూ కూడా చూస్తారు. గ్రహణానికీ, తల్లి పడుకున్న తీరుకూ దీనితో సంబంధం లేదు.

ఒక సంగతి గమనించండి. కడుపులో ఇరుకుగా ఉన్నందువల్ల పాదం కొద్దిగా లోపలికి తిరిగి పుట్టే పిల్లలు కూడా ఉంటారు. వేలితో మెల్లగా నెడితే ఆ పాదం మామూలు స్థితికి వచ్చేస్తుంది. అలాంటిది చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది. అసలైన వంకర పాదం అలా రాదు, గట్టిగా ఉంటుంది. ఆ తేడా ఇంట్లో తేల్చుకోవద్దు, నూనె రాసి లాగించవద్దు. మొదటి రెండు వారాల్లోనే ఎముకల వైద్యుడికి చూపించండి.

వేలూరులో ఒక వైద్యుడు గమనించిన విషయం

డాక్టర్ పాల్ బ్రాండ్ పేరు మనలో పెద్దవారికి తెలిసే ఉంటుంది. ఆయన 1914లో తమిళనాడులోని కొల్లి కొండల్లో మిషనరీ దంపతులకు పుట్టారు. లండన్‌లో వైద్యం చదివి, 1946లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చారు. కుష్ఠు రోగుల ముడుచుకుపోయిన వేళ్లకు ఆపరేషన్ చేసి, పనిచేసే కండరాన్ని పనిచేయని చోటుకు మళ్లించి, చేతులను మళ్లీ వాడుకలోకి తెచ్చిన వైద్యుడిగా ప్రపంచం ఆయన్ని గుర్తుపెట్టుకుంది. ఆయన 2003లో మరణించారు.

వంకర పాదాల విషయంలో ఆయన చూసింది అంతగా ప్రచారంలోకి రాలేదు. ఇండియాకు రాకముందు ఆయన లండన్‌లోని పిల్లల ఆసుపత్రిలో డెనిస్ బ్రౌన్ అనే ప్రసిద్ధ సర్జన్ దగ్గర పనిచేశారు. అక్కడ శిశువుల పాదాలను బలంగా వంచి తిన్నగా చేసేవారు. పైకి ఫలితం బాగుండేది. కొన్నేళ్లకు ఆ పాదాలు బిగుసుకుపోయి, లోపల మచ్చ కట్టినట్టు గట్టిపడేవి. వేలూరులో ఆయన దగ్గరికి అసలు ఏ వైద్యమూ అందని పిల్లలు, పెద్దవాళ్లు వచ్చారు. వంకర అలాగే ఉన్నా ఆ పాదాలు మెత్తగా, కదిలేలా ఉన్నాయి. వైద్యం అందని పాదమే బలవంతపు వైద్యం అందిన పాదంకన్నా మెత్తగా ఉండడం ఆయన్ని ఆలోచింపజేసింది. అప్పటినుంచి ఆయన మెల్లగా, కొద్దికొద్దిగా, కణజాలం ఓర్చుకునేంత మేరకే సరిచేసే దారి పట్టారు.

అదే 1914లో, బ్రాండ్‌కన్నా నెలన్నర ముందు, స్పెయిన్‌కు చెందిన మినోర్కా ద్వీపంలో ఇగ్నాసియో పోన్సెటి పుట్టారు. అంతర్యుద్ధంలో గాయపడిన సైనికులకు ఎముకలు కట్టి, ఓటమి తర్వాత 1939లో సరిహద్దు దాటి, మెక్సికోలో ఒక పల్లెలో వైద్యం చేసి, 1941లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయానికి చేరారు. అంతకుముందు అక్కడ పెద్ద ఆపరేషన్లు జరిగిన పిల్లలను ఆయన మళ్లీ పరీక్షించారు. పాదాలు బిగుసుకుపోయి నొప్పిపెడుతున్నాయి. వేలూరులో బ్రాండ్‌కు వచ్చిన సందేహమే, భూగోళానికి అటువైపు ఈయనకూ వచ్చింది.

పోన్సెటి గారు కనిపెట్టిన పద్ధతిని తోటి సర్జన్లు దాదాపు 40 ఏళ్లు పట్టించుకోలేదు. ఆపరేషన్ చేయడం నేర్చుకున్నవారికి కట్టు కట్టడం చిన్న పనిగా కనిపించి ఉండవచ్చు. 1963లో ఆయన ఫలితాలు అచ్చయ్యాయి. ఆయన వైద్యం చేసిన పిల్లలు పెరిగి పెద్దయ్యాక, 30 ఏళ్ల తర్వాత వారిని పరీక్షించిన నివేదిక 1995లో వచ్చింది. 78 శాతం మంది పాదాలు బాగా లేక చాలా బాగా పనిచేస్తున్నాయని అందులో తేలింది. పుట్టుకతో ఏ లోపమూ లేనివారిలో అదే లెక్క 85 శాతం. ఆ తర్వాతే, అదీ చాలావరకు తల్లిదండ్రులు ఒకరికొకరు చెప్పుకోవడం వల్ల, లోకం ఆ వైపు తిరిగింది. ఆయన 2009లో, 95 ఏళ్ల వయసులో మరణించారు. ఆయన పుట్టినరోజు జూన్ 3ను ఇప్పుడు ప్రపంచ క్లబ్‌ఫుట్ దినంగా జరుపుతున్నారు.

వారానికో కట్టు

పద్ధతి ఇది. బిడ్డ పుట్టిన ఒకటి రెండు వారాలకే మొదలుపెట్టడం మంచిది. వైద్యుడు పాదాన్ని చేత్తో మెల్లగా, నొప్పి లేకుండా సర్ది, ఆ స్థితిలో పిండికట్టు వేస్తాడు. కట్టు వేళ్ల దగ్గర మొదలై తొడ వరకు ఉంటుంది, మోకాలు వంచి ఉంటుంది. “పాదానికి కదా లోపం, తొడ దాకా ఎందుకు?” అని చాలామంది అడుగుతారు. మోకాలి కిందికే వేస్తే శిశువు కాలు కట్టులోంచి జారిపోతుంది. చీలమండ ఎముక తిరగకుండా పట్టి ఉంచడం కూడా కుదరదు.

వారం తర్వాత ఆ కట్టు తీసి, పాదాన్ని ఇంకాస్త సర్ది, మరో కట్టు. ఇలా సాధారణంగా అయిదారు కట్లకు పాదం బయటివైపు తిరుగుతుంది. మడమ మాత్రం ఇంకా పైకే ఉంటుంది. మడమ వెనక తాడులాంటి నరం ఒకటి ఉంటుంది, దాన్ని అకిలిస్ టెండన్ అంటారు. అది పొట్టిగా ఉండడమే కారణం. పదిమందిలో ఎనిమిది తొమ్మిది మంది పిల్లలకు దాన్ని చిన్న బ్లేడుతో తెంపుతారు. అక్కడికి మాత్రమే మత్తు ఇచ్చి చేసే కొద్ది నిమిషాల పని, కుట్టు కూడా అక్కర్లేదు. “నరం తెంపితే బిడ్డ ఎలా నడుస్తాడు?” అని భయపడకండి. శిశువుల్లో ఆ నరం మూడు వారాల్లో మళ్లీ కలుస్తుంది, అదీ కావలసిన పొడవుతో. ఆ మూడు వారాలూ చివరి కట్టు ఉంటుంది.

ఆ తర్వాత కడ్డీ బూట్లు. రెండు చిన్న బూట్లను ఒక ఇనుప కడ్డీకి బిగించి, వంకర ఉన్న పాదం 60, 70 డిగ్రీలు బయటికి తిరిగి ఉండేలా అమరుస్తారు. మొదటి మూడు నెలలు రోజుకు 23 గంటలు వేయాలి. స్నానానికి ఒక గంట విడుపు. తర్వాత రాత్రిపూట, పగటి నిద్రలో మాత్రమే, బిడ్డకు నాలుగేళ్లు వచ్చేదాకా.

అసలు కష్టం ఇక్కడే మొదలవుతుంది. కట్లు వేసే రెండు నెలలూ ప్రతి వారం వచ్చిన కుటుంబమే బూట్ల దగ్గర ఆగిపోతుంది. పాదం తిన్నగా కనిపిస్తోంది కదా, ఇంకా ఎందుకని అనిపిస్తుంది. బిడ్డ రాత్రంతా ఏడుస్తాడు. పక్కింటివారు “పసివాడికి సంకెళ్లు వేశారా” అంటారు. నాయనమ్మ రాత్రి లేచి బూట్లు విప్పేస్తుంది. ప్రేమతోనే విప్పుతుంది, ఆమెను తప్పుపట్టలేం. కానీ బూట్లు సరిగా వేసిన పిల్లల్లో దాదాపు 6 శాతం మందికి, సరిగా వేయని పిల్లల్లో 80 శాతానికి పైగా వంకర తిరిగి వస్తుందని పోన్సెటి పద్ధతిని నేర్పే చేతిపుస్తకమే చెబుతోంది. ఇంత తేడా తెచ్చే మందు వేరే ఏదీ లేదు.

బిడ్డ ఏడ్చే మొదటి రెండు మూడు రోజులు ఓర్చుకోండి. బూట్లతోపాటు రెండు కాళ్లనూ కలిపి మెల్లగా ముడిచి, చాపి ఆడించండి. ఒక్కో కాలు విడిగా కొట్టుకోలేనని తెలిశాక బిడ్డ రెండూ కలిపి తన్నడం నేర్చుకుంటాడు, ఏడుపు తగ్గుతుంది. నూలు మేజోడు తప్పకుండా వేయండి. మడమ బూటులో పూర్తిగా దిగిందో లేదో చూడండి. చర్మం ఎర్రబడితే క్రీములు రాయవద్దు, మడమ పైకి జారుతోందని అర్థం, పట్టీ ఇంకాస్త బిగించండి. పుండు పడితే మాత్రం వెంటనే చూపించండి.

ఉగాండాలో చెప్పులు కుట్టేవారి చేతుల్లో

పద్ధతి ఎంత మంచిదైనా బూట్లు వేల రూపాయలైతే పేదవారికి అందదు. ఈ చిక్కును ఉగాండాలో విప్పారు.

మైకేల్ స్టీన్‌బీక్ అనే డచ్ దేశస్థుడు అక్కడ వికలాంగుల కేంద్రంలో పనిచేస్తూ, చెప్పులు కుట్టేవారూ, వెల్డింగ్ పనివారూ మామూలు పనిముట్లతో చేయగలిగిన కడ్డీ బూట్లను తయారుచేశారు. స్థానికంగా దొరికే తోలు, ఇనుప కడ్డీ చాలు. బూటు వెనక చిన్న రంధ్రం ఉంటుంది, మడమ దిగిందో లేదో తల్లి దాంట్లోంచి చూసుకోవచ్చు. ఇంత చిన్న రంధ్రం ఎంత మేలు చేస్తుందో తల్లులకే తెలుస్తుంది. ఆయన పేరుతోనే పిలిచే ఈ నమూనా బూట్లు ఇప్పుడు మన దేశంలో కూడా వాడుకలో ఉన్నాయి.

అదే దేశంలో కెనడాకు చెందిన ఎముకల వైద్యుడు నార్‌గ్రోవ్ పెన్నీ సేవకుగా వెళ్లి ఏళ్ల తరబడి పనిచేశారు. దేశమంతటికీ వేళ్లమీద లెక్కించేంత మంది ఎముకల సర్జన్లు. అందరికీ ఆపరేషన్లు చేయాలంటే ఎన్ని జన్మలు చాలుతాయి? కెనడా నుంచే మరో వైద్యుడు, షఫీక్ పిరానీ, ఆయనతో కలిశారు. పిరానీ గారు ఉగాండాలోనే పుట్టిన ఆసియా సంతతివారు. 1972లో ఇదీ అమీన్ ఆసియావాసులను వెళ్లగొట్టినప్పుడు దేశం విడిచినవారు. తనను తరిమిన దేశానికే సర్జన్‌గా తిరిగి వచ్చి, అక్కడి ఆరోగ్య సిబ్బందికి పోన్సెటి పద్ధతి నేర్పించడంలో ముందున్నారు. సర్జన్లు కానివారు, కట్లు కట్టడంలో శిక్షణ పొందిన ఆర్థోపెడిక్ ఆఫీసర్లు, జిల్లా ఆసుపత్రుల్లో ఈ పని చేయసాగారు. ఈ రోజు చాలా దేశాల క్లబ్‌ఫుట్ క్లినిక్‌లలో పాదం ఎంత వంకరగా ఉందో 0 నుంచి 6 వరకు మార్కులు వేస్తారు. దాని పేరు పిరానీ స్కోరు. మీ బిడ్డ చీటీలో రాసి ఉండేది అదే.

మలావీలో కూడా కథ ఇలాంటిదే. అమెరికా సర్జన్ స్కాట్ హారిసన్ 1986లో అక్కడికి కొద్దిరోజుల సేవకు వెళ్లారు. ఒక్కసారి వెళ్లి రావడంతో తీరే అవసరం కాదని గ్రహించి, భార్యతో కలిసి క్యూర్ ఇంటర్నేషనల్ అనే సంస్థను స్థాపించారు. దాని మొదటి ఆసుపత్రి 1998లో కెన్యాలోని కిజాబేలో, వికలాంగ పిల్లల కోసమే తెరిచారు. అక్కడ వైద్యంతోపాటు ఆఫ్రికా వైద్యులకు శిక్షణ కూడా ఇస్తున్నారు.

ఓడలో ఆసుపత్రి, రైల్లో ఆసుపత్రి

మెర్సీ షిప్స్ సంస్థ ఆసుపత్రి ఓడలు ఆఫ్రికా తీరంలో ఒక్కో దేశపు రేవులో నెలల తరబడి ఆగుతాయి. 2007 నుంచి ఆఫ్రికా మెర్సీ, 2022 నుంచి గ్లోబల్ మెర్సీ ఈ సేవలో ఉన్నాయి. సర్జన్ మొదలు వంటవాడి వరకు అందరూ స్వచ్ఛంద సేవకులే, ప్రయాణ ఖర్చు, ఓడలో ఉండే ఖర్చు కూడా తామే పెట్టుకుంటారు. అక్కడికి వచ్చే పిల్లల్లో చాలామందివి దొడ్డికాళ్లు, అంటే మోకాళ్ల దగ్గర బయటికి విల్లులా వంగినవి. కొందరివి మోకాళ్లు ఒకదానికొకటి రాసుకునేవి. ఎముకను కోసి తిన్నగా నిలిపి కట్టు వేస్తారు. ఆ ఓడలో ఒక మంచి ఆనవాయితీ ఉంది. పిల్లల ఎముకల ఆపరేషన్లను ఓడ వచ్చిన తొలి నెలల్లోనే పెట్టుకుంటారు. కట్టు విప్పి, వ్యాయామం చేయించి, పిల్లవాడు నడవడం చూశాకే ఓడ కదలాలని వారి ఉద్దేశం.

మన దేశంలో 1991 జూలై 16న, అప్పటి బీహార్‌లో ఉన్న ఖలారీలో, ఇంపాక్ట్ ఇండియా ఫౌండేషన్ రైల్వేల సహకారంతో లైఫ్‌లైన్ ఎక్స్‌ప్రెస్ అనే రైలు ఆసుపత్రిని మొదలుపెట్టింది. శుక్లాలు, గ్రహణం మొర్రి, చెవి ఆపరేషన్లతోపాటు పోలియో వల్ల ముడుచుకున్న కాళ్లకూ అందులో ఉచితంగా ఆపరేషన్లు జరిగేవి. పట్టణాల నుంచి వైద్యులు వచ్చి కొద్దిరోజులు పనిచేసి వెళ్లేవారు.

పోలియో అంటే మన తెలుగువారిలో డాక్టర్ సుంకర వెంకట ఆదినారాయణ రావు గారిని చెప్పుకోవాలి. విశాఖపట్నం కేంద్రంగా ఆయన దేశంలోని అనేక రాష్ట్రాల్లో ఉచిత శిబిరాలు పెట్టి పోలియో బాధిత పిల్లలకు ఆపరేషన్లు చేశారు. 2022లో ఆయనకు పద్మశ్రీ లభించింది. పాకుతూ వచ్చిన పిల్లలు నిలబడి వెళ్లిన శిబిరాలను చూసినవారు మన పెద్దల్లో ఇంకా ఉన్నారు.

అయితే పోలియో ఆపరేషన్ చచ్చుబడిన కండరానికి ప్రాణం పోయదు. ముడుచుకున్న తుంటినీ, మోకాలినీ, మడమనూ తిన్నగా చేస్తుంది. అప్పుడు కాలిపర్ తొడగడం వీలవుతుంది. పిల్లవాడు కాలిపర్‌తో, కర్రతో నిలబడతాడు. కాలిపర్ ఇవ్వకుండా ఆపరేషన్ చేసి పంపితే, పాకే అలవాటున్న బిడ్డ ఇంటికి వెళ్లి మళ్లీ పాకుతాడు, కాలు మళ్లీ ముడుచుకుంటుంది. కాలిపర్ ఇచ్చినా, పిల్లవాడు ఏడాదికి రెండంగుళాలు పెరుగుతాడు కదా, కొత్త కాలిపర్ కావాలి.

మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో బయటపడింది. 2014 మార్చి 27న ఇండియాతోపాటు ఆగ్నేయాసియా ప్రాంతమంతా పోలియో రహితమని ప్రకటించారు. అంచేత ఇప్పుడు శిబిరాలకు వచ్చే పిల్లలు వేరు. వంకర పాదాలు, పుట్టుకతో తుంటి కీలు తొలగినవారు, పుట్టినప్పుడు మెదడుకు దెబ్బ తగిలి కండరాలు బిగుసుకున్నవారు, వేడినీళ్లు, పొయ్యి మంట వల్ల కాలి చర్మం ముడుచుకుపోయినవారు. ఎముకలో చీము పట్టి ఏళ్ల తరబడి కారుతున్నవారు కూడా వస్తారు. విరిగిన ఎముకకు నాటు కట్టు మరీ బిగించి కట్టడంతో రక్తం ఆడక చెయ్యి పాడైన పిల్లలను చూస్తే మనసు కలుక్కుమంటుంది. పుత్తూరు కట్టు పేరు చెప్పి ఎక్కడ పడితే అక్కడ కట్టే ప్రతివారినీ నమ్మకండి. కట్టు కట్టాక వేళ్లు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, నొప్పి ఆగకపోయినా కట్టినవారి అనుమతి కోసం ఆగకుండా ఆసుపత్రికి రండి.

శిబిరం ముగిశాక

ఒక మాట నిష్ఠూరంగానైనా చెప్పాలి. ఉచిత శిబిరాలన్నీ ఒక్కలాంటివి కావు. ఎన్ని ఆపరేషన్లు చేశామన్న సంఖ్య మరునాడు పేపర్లో వస్తుంది. ఆరు నెలల తర్వాత ఎంతమంది నడుస్తున్నారన్న సంఖ్య ఎక్కడా రాదు. బ్యానర్ విప్పేస్తారు, వైద్యుల కారు వెళ్లిపోతుంది, కట్టు మాత్రం బిడ్డ కాలికి ఉంటుంది. ఆ కట్టు ఎవరు తీస్తారో తెలియక మూడు నెలలు అలాగే ఉంచుకున్న కుటుంబాలున్నాయి. దూరం నుంచి వచ్చే వైద్యుడి మంచితనాన్ని శంకించడం లేదు. సేవాభావం ఉన్నవారే తమతోపాటు స్థానిక వైద్యుడిని, ఫిజియోథెరపిస్టును పనిలో నిలబెట్టి వెళ్తారు, పైన చెప్పిన వైద్యులంతా చివరికి చేసింది అదే.

కాబట్టి శిబిరానికి బిడ్డను తీసుకెళ్లేటప్పుడు సిగ్గుపడకుండా అడగండి. కట్టు ఎప్పుడు తీయాలి, ఎక్కడ తీస్తారు? రాత్రి జ్వరం వస్తే, కట్టులోంచి చీము వాసన వస్తే ఎవరికి ఫోన్ చేయాలి? కాలిపర్ లేక బూట్లు ఉచితమా, కొత్తవి కావలసి వచ్చినప్పుడు ఎవరిస్తారు? ఆపరేషన్ కాగితం, ఎక్స్‌రే మీకు ఇస్తారా? ఇది ఉచితం కదా, అడగకూడదని అనుకోవద్దు. మంచి వైద్యులు ఈ ప్రశ్నలు వింటే సంతోషిస్తారు.

ఆపరేషన్ రోజు బిడ్డకు జలుబు, దగ్గు, జ్వరం ఉంటే దాచకండి. మత్తు ఇవ్వడంలో అది ప్రమాదం. ఎప్పటినుంచి పాలు, ఆహారం ఆపమన్నారో ఆ మాట తు.చ. తప్పకుండా పాటించండి. ఏడుస్తున్నాడని ఒక్క బిస్కెట్టు పెట్టినా వైద్యులకు చెప్పండి.

ఇంట్లో పిండికట్టు తడవకూడదు. రోజుకు నాలుగైదుసార్లు కాలివేళ్లు చూడండి. వేలిని నొక్కి వదిలితే తెల్లబడి వెంటనే మళ్లీ ఎర్రబడాలి. వేళ్లు చల్లగా, నీలంగా, వాచి ఉన్నా, లోపలికి జారి కనబడకపోయినా ఆ రోజే తీసుకురండి, మరునాటికి ఆగవద్దు.

ప్రభుత్వం వైపు నుంచి 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది. అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో పిల్లలను పరీక్షించి, వంకర పాదం, తుంటి కీలు తొలగడం వంటి లోపాలుంటే ఉచిత వైద్యానికి పంపుతారు. మీ ఆశా కార్యకర్తకు గానీ అంగన్‌వాడీ టీచర్‌కు గానీ చెప్పండి. ఊళ్లో కాన్పు జరిగిన ఇంటికి ప్రార్థనకు వెళ్లే సంఘ స్త్రీలు బిడ్డ పాదాలు కూడా ఒకసారి చూడవచ్చు. మొదటి నెలలో కంటపడితే వైద్యం ఎంతో సులువు.

ఆలస్యమైనవారి సంగతి

“మా అబ్బాయికి ఎనిమిదేళ్లు, ఇక లాభం లేదా?” అని అడిగేవారు ఉంటారు. లాభం ఉంది. నడక వచ్చాక కూడా చాలామందికి కట్ల పద్ధతి కొంతవరకు పనిచేస్తుందని ఇప్పుడు తెలుస్తోంది. కట్లు ఎక్కువ పడతాయి, తర్వాత చిన్నదో పెద్దదో ఆపరేషన్ అవసరం కావచ్చు. ముందు కట్లతో మెత్తబరిస్తే ఆపరేషన్ చిన్నదవుతుంది. పాదం పెరుగుదల ఆగిన యువకులకు ఎముకలను కోసి అతికించే ఆపరేషన్ చేస్తారు. పాదం అరికాలి మీద ఆనుతుంది, చెప్పు పడుతుంది. కానీ ఆ కీళ్లు ఇక కదలవు, పాదం చిన్నగానే ఉంటుంది. ఆ సంగతి ముందే తెలుసుకుని ఒప్పుకోవడం మంచిది.

కట్లతో బాగైన పిల్లల్లో కొందరికి రెండున్నర, నాలుగేళ్ల వయసులో నడిచేటప్పుడు పాదం మళ్లీ లోపలికి తిరగడం కనిపిస్తుంది. మొదట రెండు మూడు కట్లు వేసి చూస్తారు. మళ్లీ మళ్లీ వస్తుంటే పాదం ముందువైపు కండరపు నరాన్ని బయటివైపుకు మార్చే ఆపరేషన్ చేస్తారు. దానితో చాలామందికి పాదం నిలుస్తుంది.

బూట్లు వేసిన రెండు వారాలకు ఒకసారి, మూడు నెలలకు ఒకసారి, ఆ తర్వాత మూడేళ్లు నిండేవరకు నాలుగు నెలలకోసారి, నాలుగేళ్ల వరకు ఆరు నెలలకోసారి చూపించాలి. వచ్చేటప్పుడు బూట్లు తప్పక వెంట తెండి. వేళ్లు బూటు అంచు దాటితే సైజు మార్చాలి. మధ్యలో బూట్లు వేయడం మానేశామని, వైద్యులు కోప్పడతారని జంకి రావడం ఆపకండి. మానేసి నెల అయినా, ఏడాది అయినా, బిడ్డను ఎత్తుకుని రండి. ఎప్పటినుంచి మానేశారో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఎన్ని కట్లు పడతాయో ఆ లెక్కను బట్టే చెప్పగలుగుతారు.